నల్లపావుల యుచ్చు

మన గుణదలకు సమీపమునఁ గల గుడివాడయందు 1987లో జన్మించిన కోనేరు హంపిగారు 2002లో గ్రాండ్‌మాస్టరు బిరుదమును, 2019, 2024 సంవత్సరములలో ప్రపంచ మహిళా రాపిడ్ విజేత పదమును గడించిరి. తెల్లపావులతో నాడునప్పుడు వారు తఱచుగా మంత్రిముందరి బంటునే మొదట నడుపుదురు. కావున ఆ యెత్తునకు నల్లపావులవాఁడు పన్నఁదగిన యుచ్చు లెవ్వియని మా విద్యార్థులు మమ్మడుగుచుందురు. ఉచ్చులు రెండు జాతులని మా సమాధానము.

మొదటిది ఎరవేయు జాతి. ఆల్బిన్ గాంబిట్టునందు నల్లవాఁడు రెండవ యెత్తుననే రాజుముందరి బంటును ఎరగా నొసఁగును. తెల్లవాఁడు వరుసగాఁ దప్పెత్తులు వేసినచో, ఏడవ యెత్తునకే నల్లబంటు కడపటి గడిఁ జేరి, మంత్రిగాఁ గాక గుఱ్ఱముగా మాఱి చెక్ చెప్పును. చూచుటకెంతో సొగసు! కాని తెల్లవాఁడు నాలుగవ యెత్తున గుఱ్ఱమును బయటికిఁ దెచ్చినచో నుచ్చు వట్టిదగును. ఇచ్చిన బంటు సులభముగాఁ దిరిగి రాదు.

రెండవదానికి ఏనుఁగు ఉచ్చని పేరు. ఇరువురును మంత్రుల బంట్లను రెండేసి గడులు నడుపుదురు. తెల్లవాఁడు ప్రక్కనున్న శకటపు బంటును రెండు గడులు త్రోయఁగా, నల్లవాఁడు రాజు బంటును ఒక గడి నడిపి తన శకటమునకు దారి తెఱచును. తెల్లవాఁడు మంత్రివైపు గుఱ్ఱమును, నల్లవాఁడు రాజువైపు గుఱ్ఱమును దెత్తురు. తెల్లశకటము వచ్చి ఆ నల్లగుఱ్ఱమును గుఱిపెట్టును. దాని వెనుక నల్లమంత్రి యున్నాఁడు. నల్లవాఁడు రెండవ గుఱ్ఱమును మంత్రియెదుట నిలుపును. నడుమ బంట్లు మార్చుకొందురు. గుఱ్ఱము కదలిన మంత్రి పోవును గదాయని తెల్లవాఁడు గుఱ్ఱముతో నడిమిబంటును దినును. నల్లగుఱ్ఱము కదలి దానినే చంపును! తెల్లశకటము మంత్రిని గొనును. వెంటనే నల్లశకటము చెక్ చెప్పును. తెల్లవానికి తన మంత్రిని అడ్డుపెట్టుట తప్ప గతిలేదు. లెక్క తేలునప్పటికి నల్లవానికి ఒక బంటునకు బదులుగా గుఱ్ఱము లాభము. 1848లో బెర్లినునందు మాయెట్ అను నాటగాఁడు హార్విట్జ్ చేత నిట్లే చిక్కెను.

ఇందు నల్లవాఁడు వేసిన యెత్తులన్నియు స్వతహాగా మంచివే. తెల్లవాఁడు ఆశపడక తన రాజు బంటును ఒక గడి నడిపినచో నాట సమముగా సాగును. నల్లవానికి నష్టము లేదు.

మా పాఠశాలలో మొదటి జాతి నుచ్చులనే నేర్చిన బాలురు ఒక వారము గెలుతురు. తోడివారు కిటుకు గ్రహించినపిమ్మట నోడుచు, తమకుఁ దెలివి లేదని తలంచి బల్ల విడిచి పోవుదురు. వారిని మరలఁ గూర్చుండఁబెట్టుట మిక్కిలి కష్టము.

కావున, విద్యార్థులారా, ఏ యుచ్చునైనఁ గంఠస్థము చేయుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుఁడు: ఎదుటివాఁడు దీనిలోఁ బడనిచో నా యాట యెట్లుండును?