ప్రథమఫలాల చేను



పోయిన కోత పండుగ నాడు చెప్పాలనుకొని, నోరు రాక ఆగిపోయిన సంగతి ఒకటి ఉంది. ఈ వారం అదే రాస్తున్నాము.

జేసన్ బ్రౌన్ అనే అమెరికా ఆటగాడి సంగతి అది. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకొని, ఎదుటివాళ్లను తోసుకుంటూ ముందుకు పోయే ఆట. ముందు వరుసలో ఉండే భారీ మనుషులను లైన్‌మెన్ అంటారు. జేసన్ ఆ వరుసకు నట్టనడుమ, సెంటర్‌. వంగి, బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించి, మరుక్షణమే మీదికి వచ్చేవాణ్ణి అడ్డుకోవాలి. చప్పట్లన్నీ బంతి పట్టుకొని పరుగెత్తినవాడికే. సెంటర్ తప్పు చేస్తేనే జనానికి కనబడతాడు. శనివారం రాత్రి మందిరం ఊడ్చి, పట్టాలు పరిచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయే మనవాళ్లు గుర్తొచ్చారు మాకు.

ఉత్తర కరోలినాలోని హెండర్సన్ అతని ఊరు. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం జట్టులోనే ఆడాడు. కాలేజీలో ఉండగానే, 2003 సెప్టెంబరులో, సైన్యంలో ఉన్న అన్న లన్స్‌ఫర్డ్ ఇరాక్‌లో చనిపోయాడు. అన్న వయసు 27. జేసన్‌ను 2005లో బాల్టిమోర్ రావెన్స్ జట్టు తీసుకుంది. 2009లో సెయింట్ లూయిస్ రామ్స్ అయిదేళ్లకు 3 కోట్ల 75 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అప్పటికి ఏ సెంటర్‌కూ అంత జీతం లేదు.

తనకూ 27 వచ్చినప్పుడు, అన్న దేనికోసం బతికాడు, తాను దేనికోసం బతుకుతున్నాడు అని పోల్చి చూసుకున్నాడట. 2012లో రామ్స్ అతణ్ణి వదిలేసింది. వేరే జట్లు పిలిచినా వెళ్లలేదు. బతుకులో ఇంతకన్నా పెద్ద తప్పు చేయబోవని అతని ఏజెంటు మందలించాడు. అయినా లూయిస్‌బర్గ్ దగ్గర వెయ్యి ఎకరాలు కొని సేద్యానికి దిగాడు. సేద్యమంటే ఏమీ తెలియదు, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాడు. చేనుకు ప్రథమఫలాలు అని పేరు పెట్టాడు. 2014లో చిలగడదుంపలు పండితే, ఆ మొదటి పంటలో లక్ష పౌండ్లు, అంటే 45 టన్నుల పైమాట, ఆకలిగొన్నవాళ్లకు ఇచ్చేశాడు. దుంపలు ఏరడానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. మన ఊళ్లో పరిగె ఏరుకునేవాళ్లు తమ కోసం ఏరుకుంటారు. వీళ్లు ముఖం తెలియనివాళ్ల కోసం ఏరారు.

కోట్లున్నవాడు కాబట్టి ఇచ్చాడు, కౌలు కట్టి పురుగుమందుల కొట్టులో బాకీ పడ్డవాడు ఏమిస్తాడు అని మీలో కొందరు అంటారు. మాకూ మొదట అదే అనిపించింది. ఆ మాటలో న్యాయముంది, కాదనము.

కానీ పోయిన కోత పండుగకు మన అక్క ఒకామె కౌలు చేలో తొలి కోత మిరపకాయలు తట్ట నిండా తెచ్చి బల్ల ముందు పెట్టింది. ఆమె బాకీ ఎంతో మాకు తెలుసు. ఆ పక్కనే మేము పెట్టిన అరటిగెల ఉంది. మా దొడ్లో కాసిన వాటిలో మంచివి ముందురోజే వ్యాపారికి తూచి, మచ్చలు పడ్డ గెలను మందిరానికి తెచ్చాము. పాస్టరుగారి గెల అని ఒక అన్న వేలంలో దానికి మూడు వందలు పాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య జేసన్ మాట ఎత్తలేకపోయాము. డబ్బులేని ఆమె మొదటిది తెచ్చింది. వాక్యం చెప్పే మేము మిగిలినది తెచ్చాము.

ఆ అన్నను మొన్న కలిసి ఈ సంగతి చెప్పాము. ఆయన నవ్వి, పండ్లు తియ్యగానే ఉన్నాయిలెండి అయ్యగారూ అన్నాడు.

ఈసారి తొలి గెల మంగళవారం కోశాము. హాస్టల్ పిల్లలకు పంపుదామంటే అమ్మగారు సరే అన్నారు. రెండు నెలలుగా ఆ గెలనే కనిపెట్టుకొని ఉన్న మా చిన్నవాడు మాత్రం ఇంకా మాతో మాట్లాడటం లేదు.