చెల్లి పెట్టిన ర్యాంకులు

సోమవారం పొద్దున టిఫిన్ బెల్లు కొట్టేసరికి నోటీసు బోర్డు మీద ర్యాంకుల కాగితం అంటించేవాళ్లు. ముందురోజు పెట్టిన పరీక్షవి. 1993లో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చేరాన్నేను. మా సెక్షన్లో అరవై మందిమి. ఆ కాగితాన్ని పైనుంచి చదివేవాళ్లు కొందరు, కింద నుంచి చదివేవాళ్లు కొందరు. నేను రెండో రకం. కొన్ని వారాలు ఎక్కువ వెతుక్కోవాల్సిన పని కూడా ఉండేది కాదు.

గురువారానికి నాకు ఇంకో ర్యాంకుల కాగితం అందేది. ఇది కావలి నుంచి, ఇన్లాండ్ లెటర్లో, మా చెల్లి రాసింది. 'అన్నయ్యా, మేమంతా క్షేమం, నువ్వు వేళకు తిను' అని ఒక్క ముక్క. ఇక అక్కణ్నుంచి ఒకటి నుంచి పది దాకా అంకెలు, వాటి ఎదురుగా హిందీ పాటల పేర్లు, పక్కన బాణం గుర్తులు. ఎక్కిన పాటకు పై బాణం, జారిన పాటకు కింది బాణం, కొత్తగా వచ్చినదానికి చుక్క.

అది 'సూపర్‌హిట్ ముకాబ్లా'. ఇప్పుడు నలభై దాటినవాళ్లకు చెప్పక్కర్లేదు. తర్వాతి వాళ్ల కోసం చెబుతున్నా. ఆదివారం రాత్రి దూరదర్శన్ రెండో ఛానెల్లో, అంటే డీడీ మెట్రోలో, ఆ వారం పది హిందీ సినిమా పాటలను పదో స్థానం నుంచి మొదలుపెట్టి ఒకటి దాకా చూపించేవారు. ఏది మొదటి స్థానంలో ఉందో తెలిసేదాకా ఇంట్లో ఎవరూ కంచం ముందు నుంచి లేచేవాళ్లు కాదు. మొదట్లో యాంకరు బాబా సెహగల్. 1992లో 'ఠండా ఠండా పానీ' అంటూ హిందీ ర్యాప్‌ని ఇంటింటికీ తెచ్చినవాడు. అంత బడాయిగా, అంత వేగంగా మాట్లాడే మనిషిని దూరదర్శన్‌లో అంతకుముందు చూడలేదు మేం. ఆయనే తర్వాత 2008లో మన 'జల్సా'లో టైటిల్ పాట పాడాడు.

మెట్రో ఛానెల్ మా ఊళ్లో యాంటెన్నాకి అందేది కాదు. కేబుల్ ఉండాలి. ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసే నాన్న, వార్తల కోసమని చెప్పి పెట్టించాడు. నిజానికి నాన్నకు ఈ ర్యాంకుల పిచ్చి మాకంటే ముందు నుంచే ఉంది. 1952 చివర్లో రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా'ని బుధవారం రాత్రి ఎనిమిదింటికి వినేవాడట. అమీన్ సయానీ పాట స్థానాన్ని 'పాయ్‌దాన్' అనేవారనీ, అంటే మెట్టనీ, ఏడాది మొత్తానికి పెద్దపాటను 'సర్తాజ్ గీత్' అనేవారనీ మాకు నాన్నే చెప్పాడు. 'అది లెక్కంటే! రికార్డుల షాపులవాళ్లని అడిగేవారు, శ్రోతల సంఘాల్ని అడిగేవారు. మరి వీడు ఎవర్ని అడిగి పెడుతున్నాడు?' అని బాబా సెహగల్ మీద ఎగిరేవాడు. ఎగురుతూనే చివరిదాకా చూసేవాడు.

హాస్టల్లో టీవీ లేదు, రేడియో లేదు. ఉత్తరాలు వార్డెన్ చింపి చూశాకే మా చేతికి వచ్చేవి. మొదటిసారి చెల్లి ఉత్తరం చూసి 'ఏంట్రా ఇది, పీరియాడిక్ టేబులా?' అన్నాడాయన. పాటలని చెబితే ఏమనుకున్నాడో, ఇచ్చేశాడు. ఆ తర్వాత మా గదిలో ఆరుగురం గురువారం కోసం ఎదురుచూసేవాళ్లం. తమాషా ఏమిటంటే 'బాజీగర్' నుంచి వచ్చిన పాటల్లో దాదాపు ఒక్కటీ మేం వినలేదు. పేరు మాత్రమే తెలుసు. దాన్నిబట్టి ఎవడికి తోచిన బాణీ వాడు కట్టి, బట్టలుతుక్కుంటూ పాడేవాడు. తర్వాత అసలు పాట విన్నప్పుడు మా గదిలో కట్టిందే బాగుందనిపించినవి రెండో మూడో ఉన్నాయి.

ఒకసారి నా ర్యాంకు యాభై రెండుకి పోయిందని రాశాను. నాన్నకు చెప్పొద్దన్నాను. జవాబులో దాని గురించి ఒక్క మాటా లేదు. పాటల జాబితాలో మాత్రం ఏడో అంకె పక్కన, కింది బాణం తర్వాత, చిన్న అక్షరాలతో రాసింది: 'పోయినవారం మూడు. అయినా వినడానికి బాగానే ఉంది.'

1994 ఆగస్టులో 'హమ్ ఆప్‌కే హై కౌన్' వచ్చింది. 'మైనే ప్యార్ కియా'లో లాగే ఇందులోనూ సల్మాన్ ఖాన్‌కు గొంతు మన బాలసుబ్రహ్మణ్యానిదే. అక్కణ్నుంచి చెల్లి ఉత్తరాల్లో బాలూ పాట పైకెక్కి కూర్చుంది. దసరా అయింది, దీపావళి అయింది, క్రిస్మస్ వచ్చింది, దిగదే! సీనియర్లకు సంక్రాంతి సెలవులు కూడా ఇవ్వలేదు ఆ ఏడు. ఇంటికి పోలేని ఆ వారం వచ్చిన ఉత్తరంలో కూడా మొదటి స్థానం బాలూదే. తొమ్మిదో స్థానంలో చుక్క గుర్తుతో 'తెలుసా మనసా' ఉంది. 'క్రిమినల్'లో కీరవాణి పాట, తెలుగుది. హిందీ జాబితాలో ఇదేమిటని నాకు అనుమానం వచ్చింది. పక్కనే సమాధానం ఉంది: 'హిందీలో కూడా వస్తోందట.' సరే కాబోలు అనుకున్నా.

ఎంసెట్ రాసి 1995 మే నెలలో ఇంటికొచ్చాను. ఆదివారం రాత్రి కంచం ముందు కూర్చుని 'టీవీ పెట్టవే, మొదలైపోయుంటుంది' అన్నాను. చెల్లి మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, ఎంతకీ రాలేదు.

'కేబుల్ ఎక్కడిదిరా?' అంది అమ్మ. 'దీపావళి అవగానే తీయించేశాం. నీ రెండో టర్మ్ ఫీజుకి అన్నీ కలిపి చూసుకున్నాం. కేబులూ, మీ నాన్న సాయంత్రం హోటల్ కాఫీ, దాని లెక్కల ట్యూషనూ.'

చెల్లి ఆ ఏడు పదో తరగతి.

నాన్న తలెత్తకుండా పెరుగన్నం కలుపుకుంటున్నాడు. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. మాట్లాడలేదనే అనుకుంటున్నా.

ఆ రాత్రి డాబా మీద అడిగాను, మరి నవంబరు నుంచి వచ్చిన ర్యాంకులు ఎవరివని. స్కూలుకి వెళ్లే దారిలో క్యాసెట్ రికార్డింగ్ షాపు ఒకటుండేది. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇచ్చి వెళితే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్లే, అలాంటిది. శనివారం సాయంత్రం ఆ షాపులో ఆగి, ఈ వారం ఎవరెవరు ఏ హిందీ పాటలు రాయించుకున్నారని అడిగేదట. షాపతను చీటీలు తీసి చూపించేవాడట. హిందీ అడిగేవాళ్లు మా ఊళ్లో వారానికి నలుగురైదుగురు. పది నిండకపోతే చిత్రహార్‌లో వేసినవి కలిపేది. అప్పటికీ నిండకపోతే తెలుగు.

'మరి ఒకటో స్థానం?'

'అది మాత్రం నా ఇష్టం. బాలూ ఉంటే నీకు బాగుంటుందని.'

బ్రిటన్‌లో బీబీసీ వాళ్లు 1964 నుంచి 2006 దాకా వారం వారం నడిపిన 'టాప్ ఆఫ్ ది పాప్స్' గురించి ఈమధ్య చదివాను. ఒకప్పుడు వాళ్ల జాబితా కూడా రికార్డుల షాపులవాళ్లు పుస్తకంలో రాసిపెట్టుకున్న అమ్మకాల్ని కూడి తయారుచేసిందేనట. మా చెల్లి లెక్కకూ దానికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు. ఒకటో స్థానం సంగతి వేరనుకోండి.

ఎంసెట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఆ కాగితం చూసి నాన్న మడిచి బీరువాలో పెట్టాడు, అంతే. నేను కావలిలోనే డిగ్రీలో చేరాను. చెల్లికి ట్యూషన్ లేకుండానే లెక్కల్లో నాకంటే పదకొండు మార్కులు ఎక్కువొచ్చాయి. జూలైలో ఒక సాయంత్రం నాన్న తనే కేబుల్ అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. మళ్లీ వార్తల కోసమే.

మెట్రో ఛానెల్ 2003 నవంబరులో ఆగిపోయి డీడీ న్యూస్ అయింది. 2024 ఫిబ్రవరిలో అమీన్ సయానీ పోయారన్న వార్త వినగానే చెల్లికి ఫోన్ చేశాను. కాసేపు నాన్న గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఆ 1995 జూలైకే వెళ్లాం. కేబుల్ వచ్చాక కొద్దిరోజులకే టీవీలో హిందీ 'క్రిమినల్' పాట వచ్చింది. నాగార్జునే, కీరవాణి బాణీయే, గొంతులూ మాటలూ మాత్రం వేరు. చెల్లి నన్ను మోచేత్తో పొడిచి, నాన్నకు వినపడకుండా అంది:

'చూశావా, నేను సంక్రాంతికే పెట్టాను.'