మూరెడు దూరం

నాయుడుపేట దగ్గర బస్సు హైవే ఎక్కేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఎదురొచ్చే లారీల లైట్లు ఒక్కోటీ చెదిరి కంటినిండా పరుచుకుంటున్నాయి. చున్నీ మొహాన కప్పుకున్నాను. "పండుకో పాపా, సూళ్లూరుపేటలో టీకి లేపుతాలే" అన్నాడు నాన్న. నాకు 27 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు. చెన్నై శంకర నేత్రాలయలో ముందు కుడికంటికి ఆపరేషన్.

మాది వెంకటగిరి, మగ్గం ఇల్లు. నాన్నతో పాటు నేనూ జాందానీ నేస్తాను. బుటా వచ్చే చోటల్లా రంగు నూలును పడుగు పోగుల మధ్య చేత్తోనే దోపాలి. 100 కౌంటు నూలు, వెంట్రుకకన్నా పెద్ద తేడా ఏమీ ఉండదు. ఒక్క పోగు తప్పినా పువ్వు వంకరపోతుంది. ఆ మధ్య మగ్గం మీద ట్యూబులైటు వేస్తే పోగులు కలిసిపోయేవి, ఆర్పేస్తే విడివిడిగా కనిపించేవి. చూపు తగ్గితే లైటు ఎక్కువ కావాలి గదా, నాకేంటి ఇలా తిరగబడింది అని అర్థమయ్యేది కాదు.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. చిన్నప్పుడు నాకు కిడ్నీ జబ్బు. మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్లంతా నీరు పట్టేది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టేది. తిరగబెట్టినప్పుడల్లా ప్రెడ్నిసొలోన్ మాత్రలు. నన్ను బతికించిన ఆ స్టెరాయిడే కంటి కటకం వెనకవైపు, సరిగ్గా నడిమధ్య, మసక తెచ్చింది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది. అప్పుడు చూపంతా ఆ మసకలోంచే పోవాలి. చీకట్లో కంటిపాప విప్పారితే పక్కల నుంచి కాస్త దారి దొరుకుతుంది. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడే పిల్లల్ని మధ్యమధ్య కంటి డాక్టరుకు తప్పకుండా చూపించాలి. డాక్టరును అడక్కుండా మాత్ర మాత్రం ఆపకూడదు. ఈ రెండు మాటలూ ఇప్పుడు కనిపించిన ప్రతి తల్లికీ చెబుతున్నాను.

మాధవరం బస్టాండులో దిగి నుంగంబాక్కం చేరాం. వరండా నిండా పెద్దవాళ్లే. నర్సు చుక్కలమందు సీసా పట్టుకుని వచ్చి నేరుగా నాన్న గడ్డం పట్టుకుంది. "అయ్యా, తల పైకెత్తండి."

"నాక్కాదమ్మా, మా పాపకి."

ఆమె నా వైపు ఒక క్షణం చూసి, ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యి వేసి చుక్కలు వేసింది. పక్కనున్న ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఈ వయసుకేనా తల్లీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెది గూడూరట. నేనే ఆమెకు ధైర్యం చెప్పాను.

నాన్న భయం వేరు. "కంట్లో ప్లాస్టిక్కు పెడితే లోపల కుళ్లిపోదా డాక్టరమ్మా?" ఆమె విసుక్కోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి పైలట్ల కళ్లలో ముక్కలు దిగబడ్డాయనీ, ఆ ముక్కల్ని కన్ను ఏళ్ల తరబడి ఓర్చుకోవడం హారాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించాడనీ, 1949లో లండన్‌లో ఆ రకం ప్లాస్టిక్కుతోనే తొలి లెన్స్ పెట్టాడనీ చెప్పింది. నాన్న శ్రద్ధగా విని తల ఊపాడు.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. "దూరం స్పష్టంగా కావాలా, దగ్గర కావాలా?"

ఈ వయసు కన్ను దగ్గరికీ దూరానికీ తనంతట తనే సర్దుకుంటుంది. కటకం తీసేశాక ఆ సర్దుబాటు ఉండదు. పెట్టే లెన్స్ ఒక్క దూరానికే కుదురుతుంది. అరవై ఏళ్లవాళ్లకు ఆ శక్తి ఎప్పుడో పోయి ఉంటుంది కాబట్టి పెద్దగా బాధ తెలియదు. నాకు మాత్రం ఉన్నది పోతుంది. అన్ని దూరాలకూ పనికొచ్చే లెన్సులూ ఉన్నాయి గానీ వాటితో రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చు, సన్నని తేడాలు కాస్త మసకబారొచ్చు అంది. పోగు మీద పోగును గుర్తుపట్టి బతికేదాన్ని, అది నాకొద్దనుకున్నాను. "దూరమే పెట్టించుకో, రోడ్డు మీద ఒంటరిగా పోతావు" అన్నాడు నాన్న. నేను మగ్గం మీద కూర్చున్నట్టు వంగి, చెయ్యి చాపి చూపించాను. డాక్టరమ్మ స్కేలు తెచ్చి కొలిచింది. దాదాపు 50 సెంటీమీటర్లు, మా లెక్కలో మూరెడు. "అయితే మైనస్ 2 మిగిలేలా లెన్స్ పెడతాను. మగ్గం దగ్గర అద్దాలు అక్కర్లేదు, బయటికెళ్తే పెట్టుకోవాలి." నేను ఒప్పుకున్నాను. నాన్న ఇంకేం అనలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తిమ్మిరి చుక్కలు వేశారు, మొహం మీద గుడ్డ కప్పారు. పైన కళ్లు జిగేలుమనే వెలుగు, అందులో నీలం, గులాబీ రంగులు కదులుతున్నాయి. నొప్పి లేదు, ఒత్తిడి తెలిసింది. చిన్నవయసు కటకం మెత్తగా ఉంటుంది కాబట్టి పెద్దగా పగలగొట్టే పని లేకుండానే పీల్చేశారు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని కోతలోంచి మడతపెట్టిన లెన్స్ లోపలికి పోయి విచ్చుకుంది. కుట్లు లేవు.

మర్నాడు కట్టు విప్పగానే మొదట కనిపించింది నాన్న చొక్కా. ఎడమకంటితో చూస్తే పొగచూరినట్టుంది, కుడికంటితో చూస్తే తెల్లటి తెలుపు. చొక్కా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని నేత చూశాను. పడుగూ పేకా విడివిడిగా తెలుస్తున్నాయి. "మర నేత నాన్నా ఇది" అన్నాను. "ఆసుపత్రికి ఇది చాలనుకున్నాలే పాపా" అని నాన్న నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నెలకు పైగా చుక్కలు, కంట్లో నీళ్లు పడకూడదు, మగ్గం ఎక్కకూడదు. చిన్నవయసు వాళ్లకు లెన్స్ వెనక పొర మళ్లీ మసకబారే అవకాశం ఎక్కువనీ, అప్పుడు లేజర్‌తో సరిచేస్తామనీ ముందే చెప్పారు. ఎడమకంటి ఆపరేషన్ దసరా పనులు అయ్యాక. ఒక కంటికి దగ్గర, ఒక కంటికి దూరం పెట్టినా నడుస్తుందట. కాకపోతే రెండు కళ్లూ ఒకేచోట కుదిరితేనే పోగు ఎత్తు తెలిసేది. దానికీ మూరెడే అడుగుతాను.