లిస్బన్ నగరంలో ఒక తెల్లవారుజాము

పిల్లలూ! మీ అట్లాసులో యూరపు పటం తీసి చూడండి. పడమటి కొసన, అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆనుకొని, నిలువుగా ఒక చిన్న దేశం కనిపిస్తుంది. అదే పోర్చుగల్. దాని ముఖ్యపట్టణం లిస్బన్. టాగస్ అనే పెద్ద నది సముద్రంలో కలిసే చోట, ఉత్తరపు ఒడ్డున, కొండల మీద ఈ నగరం ఉన్నది. 1497లో వాస్కోడగామా ఓడలు బయలుదేరినది ఇక్కడినుంచే. మరుసటి ఏడు మే నెలలో అతడు మన దేశంలోని కళ్ళికోట చేరాడు.

పోర్చుగీసువారి మాటలు మన ఇళ్ళలో కూడా ఉన్నాయి. మేస్త్రీ, ఇస్త్రీ, బాల్చీ, అలమారు—ఇవన్నీ వాళ్ళ భాషనుంచి వచ్చినవే. ఇందులో మేస్త్రీ అన్న మాటను గుర్తుంచుకోండి. దానితో మనకు మళ్ళీ పని ఉన్నది.

2024 ఆగస్టులో నేను ఈ నగరాన్ని చూశాను. మా చిన్నమ్మాయి జర్మనీలో చదువుకుంటున్నది. నేను దాన్ని చూడబోయిన రోజుల్లోనే అదీ, దాని స్నేహితులు ముగ్గురూ సెలవులకు లిస్బన్ వెళుతూ నన్ను కూడా వెంటపెట్టుకుపోయారు. వాళ్ళలో ఒకతె బందరు అమ్మాయి, ఒకడు కరీంనగర్ కుర్రవాడు, మూడో ఆమె జర్మన్ పిల్ల. చాలా ఏళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి కనక నేను అందరికీ "మాస్టారు"నే. జర్మన్ పిల్ల కూడా ఆ మాట నేర్చుకున్నది.

లిస్బన్‌లో ఎండకు కొరత లేదు. ఏడాదికి సుమారు 2800 గంటలు సూర్యుడు కనిపిస్తాడు. అంటే సగటున రోజుకు ఏడున్నర గంటలకు పైమాటే. జర్మనీ మబ్బులకు అలవాటుపడిన మా పిల్లలు ఆ ఎండను చూసి పొంగిపోయారు. ఇళ్ళ గోడలకు నీలి బొమ్మలు వేసిన నున్నటి పింగాణీ పలకలు అతికించి ఉన్నాయి. కాలిబాటల మీద తెల్లరాళ్ళు, నల్లరాళ్ళు కలిపి ముగ్గులు వేసినట్టు పరిచారు. పసుపుపచ్చని చిన్న ట్రాంబండి ఇరుకు సందుల్లో, ఏటవాలు వీధుల్లో మూలుగుతూ ఎక్కుతుంది. కోడిగుడ్ల సొన, పాలు, పంచదార కలిపి పలచని పిండిగిన్నెలో పోసి కాల్చిన ఒక తీపివంటకం అక్కడ ప్రసిద్ధి. దానిమీద దాల్చినచెక్క పొడి చల్లుకుంటారు. కరీంనగర్ కుర్రవాడు ఒక్క పూటలో ఆరు తిన్నాడు!

ఆదివారం నాడు నది పక్కగా పోయే రైలెక్కి కష్కైష్ అనే ఊరికి వెళ్ళి, సముద్రంలో ఆడుకొని, చీకటి పడేవేళకు తిరిగి వచ్చాము. మా బస నగరం మధ్య, రెండు కొండల నడుమ ఉన్న పల్లపు పేటలో, ఒక పాత మేడ మూడో అంతస్తులో. అక్కడినుంచి నది ఒడ్డుకు అయిదు నిమిషాల నడక.

మరునాడు, 26వ తేదీ సోమవారం, తెల్లవారుజామున 5 గంటల 11 నిమిషాలకు నా మంచం ఊగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. బల్లమీది గాజుగ్లాసు తనంతట తానే నడవసాగింది. భూకంపం!

మీతో నిజం చెప్పాలి. భూకంపం వచ్చినప్పుడు పరుగెత్తకూడదని, గట్టి బల్ల కిందికి దూరి, తల కాపాడుకొని, బల్లకోడు పట్టుకోవాలని నేను ఎన్నో తరగతులకు పాఠం చెప్పాను. కాని ఆ క్షణాన అదంతా మరిచి, చీకట్లో చెప్పులు కూడా లేకుండా మెట్లవైపు పరుగెత్తాను!

"మాస్టారూ! ఇట్లా బల్ల కిందికి రండి!" అని కరీంనగర్ కుర్రవాడు కేకపెట్టాడు. వాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. నేను వెనక్కు వచ్చేసరికి ఊపు ఆగిపోయింది. కొద్ది సెకన్లే. అయినా ఎంతో సేపు జరిగినట్టు తోచింది.

అందరమూ కిందికి దిగాము. "నది ఒడ్డున పెద్ద మైదానం ఉన్నది. అక్కడ మీద పడటానికి గోడలుండవు. పదండి," అన్నాను.

బందరు అమ్మాయి నా చెయ్యి పట్టుకొని ఆపింది. "వద్దు మాస్టారూ! నీళ్ళవైపు వద్దు. కొండమీదికి పోదాం," అన్నది. ఆమె గొంతు వణుకుతున్నది. ఎవరమూ మారు మాట్లాడలేదు. ఆ పేటలోనే 45 మీటర్ల ఎత్తు ఇనుపలిఫ్టు ఒకటి ఉన్నది. 1902నుంచీ ఉన్నది. భూకంపం వేళ లిఫ్టు ఎక్కరాదు కదా! దాని పక్కనే ఉన్న మెట్లదారిన పైకి నడిచాము.

పైన చెట్లున్న చిన్న చౌకు వచ్చింది. అక్కడ కూర్చున్నాక ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది: "2004 డిసెంబరు 26న పౌర్ణమి, ఆదివారం. మా మేనమామ మంగినపూడికి సముద్రస్నానానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. అప్పుడు నాకు మూడేళ్ళు. భూమి కదిలితే సముద్రం దగ్గర ఉండకూడదని మా అమ్మ అప్పటినుంచీ చెపుతూనే ఉన్నది."

ఆనాడు సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం వల్ల లేచిన సునామీ కెరటాలు మన ఆంధ్రతీరంలో వందమందికి పైగా ప్రాణాలు తీశాయి.

అంతలో తెల్లవారింది. మా ఎదుట ఒక పెద్ద రాతికట్టడం కనిపించింది. ఎత్తయిన స్తంభాలు, వాటిమీద కమానులు ఉన్నాయి. కాని కప్పు లేదు! కమానుల మధ్య ఆకాశమే కనిపిస్తున్నది. అది కార్మో మఠం. ఇప్పుడు అందులో ప్రదర్శనశాల ఉన్నది. దాని తలుపులు తెరిచేదాకా ఉండి లోపలికి వెళ్ళాము. దాని కప్పు ఎట్లా పోయిందో వినండి.

1755 నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు పండుగ. ఉదయం తొమ్మిదిన్నర దాటింది. జనం చర్చిలలో నిండి ఉన్నారు. కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. అంతలో భూమి కొన్ని నిమిషాలపాటు కదిలిపోయింది. కార్మో మఠం కప్పు లోపలివారి మీద కూలింది. బతికి బయటపడినవారు ఎక్కడికి పరుగెత్తారు? మీద పడటానికి గోడలుండవని నది ఒడ్డుకు పరుగెత్తారు! సరిగా నేను చెప్పిన చోటికే!

అక్కడ వాళ్ళొక వింత చూశారు. నీరు వెనక్కు పోయి, అడుగునున్న నేల బయటపడింది. భూకంపం వచ్చిన సుమారు 40 నిమిషాలకు ఆ నీరు పెద్ద కెరటాలై ఒడ్డుమీదికి వచ్చిపడింది. మిగిలిన నగరాన్ని మంటలు కొన్ని రోజులపాటు కాల్చాయి. వేలాదిమంది చనిపోయారు.

కారణం ఏమిటంటారా? భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా ఉన్నది. పోర్చుగల్‌కు నైరుతి దిక్కున సముద్రం అడుగున ఆఫ్రికా పలక, యూరేషియా పలక ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున ఒకదాన్నొకటి ఒత్తుకుంటున్నాయి. చాలాకాలం కూడిన ఒత్తిడి ఒక్కసారి విడిపోతే భూమి కదులుతుంది. సముద్రపు అడుగు ఎగసినా, దిగినా పైనున్న నీరంతా కదులుతుంది. లోతు నీటిలో ఆ కెరటం గంటకు 700 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. ఒడ్డు దగ్గర వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది.

మేము చూసిన భూకంపం పరిమాణం 5.3. ఎవరికీ ప్రాణహాని లేదు, సునామీ రాలేదు. 1755 నాటిది 8.5 గాని, అంతకు మించిగాని ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. తేడా మూడంకెలే కదా అనుకోకండి. ఒక్కొక్క అంకెకు శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 32ను 32తో, మళ్ళీ 32తో హెచ్చవేయండి. 32,768 వస్తుంది!

నగరం కూలిన తరవాత ఏం జరిగిందో అది కూడా తెలుసుకోవాలి. ఆనాటి మంత్రి కార్వాల్యూ. తరవాత పొంబాల్ ప్రభువుగా ప్రసిద్ధి కెక్కాడు. ఆయన ఒక ప్రశ్నపత్రం తయారుచేయించి, 1756లో దేశంలోని చర్చి గురువులందరికీ పంపించాడు. భూమి ఎంతసేపు కదిలింది? ఏ వైపునుంచి ఎక్కువగా కదిలినట్టు తోచింది? సముద్రం ముందు పొంగిందా, తగ్గిందా? నేల బీటలు వారిందా? ఇట్లాంటివి ఆ ప్రశ్నలు. వచ్చిన జవాబులు లిస్బన్ దస్తావేజుల భాండారంలో ఈనాటికీ ఉన్నాయి. భూకంపశాస్త్రానికి అదొక తొలి మెట్టు అంటారు.

ఆ తరవాత మేస్త్రీలు కొత్త పద్ధతి పట్టారు. మన మాటకు మూలమైన "మెస్త్రె"లు వీళ్ళే. పల్లపు పేటలో వీధులు వెడల్పుగా, తిన్నగా వేశారు. గోడల లోపల కొయ్యదూలాలను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా బిగించి పంజరంలాగా కట్టారు. భూమి కదిలితే పంజరం ఊగుతుంది గాని వెంటనే కూలదు. నమూనా కట్టి, చుట్టూ సైనికులచేత కవాతు చేయించి పరీక్షించారని చెపుతారు. మేము బస చేసిన పాత మేడ ఆ పేటలోదే!

మధ్యాహ్నం నది ఒడ్డుకు వెళ్ళాము. నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. బందరు అమ్మాయి మెట్లమీద కూర్చొని చాలాసేపు ఆ నీళ్ళను చూసింది. తరవాత తల్లికి ఫోను చేసింది.

పిల్లలూ! సముద్రపు ఒడ్డున ఉండగా భూమి గట్టిగా కదిలినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కు పోయినా, ఆగి చూడకండి. ఎత్తు ప్రదేశానికి పోండి. అన్నిసార్లూ నీరు ముందు వెనక్కు పోదు, నేరుగా కెరటమే రావచ్చు. ఒక కెరటంతో అయిపోయిందని దిగిరాకండి.

మరొక పని కూడా చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెననో, 2004 నాటి సునామీనో చూసి ఉండవచ్చు. నీరు ఎటునుంచి వచ్చింది, ఎంత ఎత్తు వచ్చింది, ఎవరు ఎట్లా బయటపడ్డారు అని అడిగి, మీ నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆ తెల్లవారుజామున మమ్మల్ని సరైన దారి పట్టించినది ఒక తల్లి చెప్పిన మాట, దాన్ని మరవని కూతురే గాని, ఈ హెడ్మాస్టరు కాదు!