వదిన కొంగున బెల్లం ముక్క

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ తిరుపతి దాటింది. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కింది బెర్తు మీద అన్నయ్య చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. భుజం పట్టి కుదిపితే కళ్లు తెరిచి, "ఎవరండీ మీరు?" అన్నాడు. నన్ను "ఒరే" అని తప్ప ఎన్నడూ పిలవని మనిషి! వదిన కొంగుముడి విప్పి, "నమలండి" అంటూ బెల్లం ముక్క నోట్లో పెట్టింది. గ్లూకోమీటరు 41 చూపించింది. పావుగంటకు, "ఒరే, కాట్పాడి వచ్చిందా?" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాం.

ఊళ్లో ఏడాదిపాటు ఫిట్స్ మాత్రలు మింగించాం. కాఫీ పడకముందే ఎందుకొస్తోందని ఎవరికీ తట్టలేదు. చివరికి ఒక డాక్టరుగారు, అది వచ్చినప్పుడు షుగర్ చూడమన్నారు. చూశాక, పాంక్రియాస్‌లో గడ్డ ఉండొచ్చంటూ వేలూరు వెళ్లమన్నారు. ఆ మాటకే ఇంట్లో ఏడుపులు. పాంక్రియాస్ క్యాన్సర్‌తో మా వీధిలో ఒకాయన ఆర్నెల్లు తిరక్కుండా పోయాడు మరి.

బెల్లం లేనిదే తెల్లవారని మనిషికి వేలూరులో పెట్టిన మొదటి పరీక్ష ఉపవాసం! 72 గంటల వరకూ సాగొచ్చన్నారు. పద్నాలుగో గంటకే మాట తడబడింది. రక్తం తీసుకుని, వెంటనే గ్లూకోజు ఎక్కించారు. షుగర్ అట్టడుక్కి దిగినా ఇన్సులిన్ ఊరుతూనే ఉందని తేలింది. స్కాన్‌లో ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ, రేగుపండంత.

పేరు ఇన్సులినోమా. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి వస్తుందట. పదింట తొమ్మిది పాకవు, కోసి తీసేస్తే నయమైపోతాయి. పాకేది ఎక్కువగా కాలేయానికే. అప్పుడు నెలనెలా ఇంజెక్షన్లు, ఎవెరోలిమస్ మాత్రలు, లుటీషియం చికిత్స ఉన్నాయి. పాంక్రియాస్ క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే, అమెరికా లెక్కల ప్రకారం అయిదేళ్లు బతికేది నూటికి సుమారు 13 మంది. ఈ న్యూరోఎండోక్రైన్ జాతి గడ్డలు పాకకముందే దొరికితే, తొంభై మందికి పైనే. అవయవం ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు. మేము ఏడ్చింది వీధిలో ఆయన జబ్బుకి.

గడ్డ తీసిన కొన్ని గంటలకే షుగర్ 200 దాటింది. షుగర్ పెరిగిందని సంబరపడిన ఇల్లు మాదొక్కటే కాబోలు!

తిరుగు రైల్లో వదిన అలవాటుగా చీకటినే లేచి అన్నయ్య చొక్కా తడిమి చూసింది. పొడిగా ఉంది. అయినా కొంగుముడి మాత్రం రాజమండ్రి దాకా విప్పలేదు.