‘తగినంత పసుపు’ అంటే ఎంత?

పసుపు పేటెంట్ కథ మా ఆర్మూరు వైపు అందరికీ సగం తెలుసు. అమెరికావాళ్లు మన పసుపును కాజేయబోయారు, ఢిల్లీలో మనవాళ్లు కొట్లాడి వెనక్కి తెచ్చారు. ఇంతవరకే. చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు, పక్కవాళ్లు తలూపుతారు, తర్వాత మాట ధర మీదికి పోతుంది. నాకు తిండి పెట్టేది ఆ మిగిలిన సగం. నేను హైదరాబాద్‌లో పేటెంట్ ఏజెంట్‌ని. జనం చేతులతో కనిపెట్టినవాటిని వాక్యాల్లోకి మార్చడం నా పని. పుట్టింది మాత్రం ఆర్మూరు పక్కనే, పసుపు ఉడికే రోజుల్లో ఆరేసిన బట్టలకు కూడా ఆ వాసన పట్టే ఊళ్లో.

ఆ రెండో సగం ఒక్క వాక్యంలో ఉంది. 1995 మార్చి 28న అమెరికా పేటెంట్ ఆఫీసు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 5,401,504 నంబరు పేటెంట్ ఇచ్చింది. ఆవిష్కర్తలుగా పేర్లు పెట్టుకున్న ఇద్దరూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లు పసుపును పేటెంట్ చేయలేదు. ఒక పద్ధతిని చేశారు. ఆ క్లెయిమ్‌ను మన మాటల్లో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది: గాయమైన మనిషికి తగినంత పసుపు పొడి ఇచ్చి, గాయం మానేట్టు చేసే పద్ధతి.

‘తగినంత’ అంటే ఎంత? చిటికెడా, చెంచాడా, పిడికెడా? ఆ వాక్యంలో ఎక్కడా లేదు. గాయం మానడానికి ఎంత కావాలో అంత. అంటే ఆ మాట కొలతను చెప్పడం లేదు, చేయాల్సిన పనిని చెబుతోంది. మా వృత్తిలో దీన్ని ఫంక్షనల్ లాంగ్వేజ్ అంటారు. నేను ‘పని చెప్పే భాష’ అంటాను. మనకు ఇదేమీ కొత్త కాదు. పత్రికల వంటల పేజీలో ‘ఉప్పు తగినంత’ అని చదివి ఎవరమూ సంపాదకుడికి ఉత్తరం రాయలేదు. కానీ వంట చెడితే ఒక పూట పోతుంది. క్లెయిమ్ అట్లా కాదు. అది పొలం గట్టులాంటిది. గట్టు ఎక్కడుందో చెప్పకుండా ‘పంట పండేంత దూరం నాదే’ అంటే పక్క చేనువాడు ఊరుకుంటాడా?

అందుకే పని చెప్పే మాట కనబడగానే పేటెంట్ ఎగ్జామినర్ పెన్ను ఆగుతుంది. అట్లాగని ఆ భాషే తప్పు కాదు. 1971లో అమెరికా కోర్టు ఒకటి ఆ మాట స్పష్టంగానే చెప్పింది: ఒక వస్తువును అది చేసే పనిని బట్టి వర్ణించినంత మాత్రాన క్లెయిమ్ చెల్లకుండా పోదు. కాకపోతే ఎగ్జామినర్ దాన్ని చదివే తీరు వేరు. పని పేరు చెప్పావు కాబట్టి, ఆ పని చేయగలిగిన పాత వస్తువు లోకంలో ఎక్కడైనా ఉందా అని వెతుకుతాడు. నువ్వు వల ఎంత పెద్దగా విసిరితే అందులో అన్ని పాత చేపలు పడతాయి. మామూలుగా వల పెద్దదైతే జాలరికి లాభం. ఇక్కడ ఒక్క పాత చేప పడ్డా వలే పోతుంది.

దీనికి మా వాళ్లందరూ చెప్పుకునే కేసు పాప్‌కార్న్ గరాటుది. ఒకాయన పాప్‌కార్న్ డబ్బా మీద బోర్లించే గరాటు మూత చేశాడు. డబ్బాను వంచి ఊపితే ఒక్కసారి కొన్ని గింజలే బయటికి వస్తాయి. ఎగ్జామినర్ ఒక పాత స్విస్ పేటెంట్ తీసి ముందు పెట్టాడు. అది నూనె డబ్బా గరాటు. ‘అది నూనెకు, నాది పాప్‌కార్న్‌కు’ అని ఈయన వాదన. 1997లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆకారం అదే. ఆ నూనె గరాటులోంచి కూడా పాప్‌కార్న్ గింజలు అట్లాగే రాగలవు. రావని చూపించే బాధ్యత నీది, నువ్వు చూపలేదు అంది. నూనె గరాటు చేసినవాడు జన్మలో పాప్‌కార్న్ తలచుకోకపోయినా సరే. నాకు ఈ తీర్పు కొంచెం కఠినంగా అనిపిస్తుంది గానీ, తప్పని మాత్రం అనలేను.

పసుపు కేసులోనూ జరిగింది అదే. 1996 అక్టోబరులో మన సీఎస్‌ఐఆర్ ఆ పేటెంట్‌ను మళ్లీ పరీక్షించమని అడిగింది. సాక్ష్యంగా 32 పత్రాలు పెట్టింది. కొన్ని నూరేళ్ల కిందటివి. సంస్కృతం, ఉర్దూ, హిందీలలో ఉన్నవి. 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసమూ వాటిలో ఉంది. 1997 ఆగస్టులో అమెరికా ఆఫీసు తీర్పు మనవైపు వచ్చింది. క్లెయిములన్నీ పోయాయి.

ఇన్ని పుస్తకాలు ఎందుకు వెతకాల్సి వచ్చిందంటే, అప్పటి అమెరికా చట్టం తీరు అది. ఒక పని అమెరికాలో ఎవరైనా చేస్తుంటే లెక్కలోకి వస్తుంది. బయటి దేశంలోనైతే అది అచ్చులో ఉండాలి. మా నాయినమ్మ నా మోకాలికి ఎన్నిసార్లు పసుపు అద్దిందో నాకు గుర్తుంది. ఆ చట్టం కళ్లకు ఆమె లేదు, 1953 నాటి కాగితం ఉంది. ఆ తేడా 2013 మార్చి తర్వాత వేసిన దరఖాస్తులకు తీసేశారు. మన దగ్గర 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది కూడా ఈ దెబ్బతోనే. నాయినమ్మల చేతిలోది ఎగ్జామినర్ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి.

నా అంచనా చెప్తాను. వాళ్లు ‘తగినంత’ అని కాకుండా, ఫలానా విధంగా తయారుచేసిన పసుపు, ఇన్ని గ్రాములు, ఇన్ని పూటలు అని రాసుకుని ఉంటే ఆ 32 పత్రాలతో వాళ్లను పడగొట్టడం ఇంత తేలిక అయ్యేది కాదు. మన పాత గ్రంథాల్లో గ్రాములు వాళ్లతో సరిపోవాలి కదా. గాయం మానేంత పసుపు అన్నారు. సరే, మా వాళ్లు పూసింది కూడా మానేంతే. ఆ మాటే వాళ్లను పడేసింది.

ఈ సంగతులన్నీ నేను మా కాకకు చెప్పాల్సి వచ్చింది. కాకది ఆర్మూరులో వెల్డింగ్ షెడ్డు. సిద్ధులగుట్ట నల్లరాళ్లు కనబడేంత దగ్గర. ‘మల్లేశం’ సినిమా చూసినప్పటి నుంచి ఆయనకు పేటెంట్ మీద మనసు. ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ వచ్చిందంటే, పసుపు డ్రమ్ము చేసిన నాకు కనీసం కాగితమన్నా రాదా అని ఆయన లెక్క.

పసుపు పని తెలియనివాళ్లకు ఒక ముక్క. తవ్విన పసుపును ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, జల్లెడలాంటి ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు, వేళ్లు రాలిపోతాయి. కాడి నున్నగా మెరుస్తూ బయటికి వస్తుంది. నిజామాబాద్ యార్డులో కాడికో ధర, గోళకో ధర, విరిగిన ముక్కలకో ధర. డ్రమ్ములో విరిగిన ప్రతి కాడీ రైతు జేబులోంచి పోయినట్టే. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. ఊళ్లో మాటలన్నీ ధర గురించే. డ్రమ్ములో విరిగేదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కాక మాట్లాడలేదు, డ్రమ్ము విప్పాడు. లోపలి గోడకు పట్టీలు బిగించాడు. పట్టీ ఒక అంచున కీలు, రెండో అంచున గాడి. గాడిలో బోల్టు జరిపితే పట్టీ వంపు మారుతుంది. ఎక్కువ ఎండిన సరుకుకు ఒక వంపు, తేమ మిగిలినదానికి ఇంకో వంపు. తన షెడ్డులో, తలుపు వేసుకుని, తన పసుపు మీదే చూసుకున్నాడు. ఎవరికీ అమ్మలేదు. అది మా అదృష్టం.

“పసుపు ఇరగకుండ పాలిష్ పట్టే మిషిన్ ఏదైనా గానీ నాదే అని రాయి బిడ్డా. ఒక్క ముచ్చట. గంతే.”

“కాకా, గా ఒక్క ముచ్చట రాస్తే నీకేం మిగలదు.”

నేను ఎగ్జామినర్‌నయ్యాను. వెనకట కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని పసుపు తొక్కి పాలిష్ చేసేవాళ్లు కదా, అప్పుడు విరిగేదా అని అడిగాను. “ఇరిగేది, కని తక్కువ” అన్నాడు. మరి గోనెపట్టా కూడా పసుపు విరగకుండా పాలిష్ చేసే సాధనమే కదా? పైగా అది వ్యవసాయ పుస్తకాల్లో అచ్చయి ఉంది. ఎగ్జామినర్‌కు అంతకన్నా ఏం కావాలి? కాక కాసేపు నా వైపు అనుమానంగా చూశాడు. నేను ఎవరి పక్షమో అర్థం కానట్టు.

తర్వాత రెండో కొసకు పోయాడు. “అయితే మూడు పట్టీలు, గీ సైజు బోల్టు, గీ మందం రేకు అని ఉన్నదున్నట్టు రాయి.” అట్లా రాస్తే పేటెంట్ రావచ్చు. కానీ జాతీయ రహదారి మీద ఇంకో షెడ్డువాడు నాలుగు పట్టీలు పెట్టి, గాడి బదులు వరుసగా రంధ్రాలు కొట్టి, పిన్ను గుచ్చి అమ్ముకుంటాడు. ఆ పేటెంట్‌తో వాడిని ఆపడం కష్టం.

ఈ రెండు కొసల మధ్య తగువు మా ఆర్మూరుదే కాదు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు నూనె బావి కేసు వచ్చింది. శబ్దం ప్రతిధ్వనిని బట్టి బావిలో నూనె ఎంత లోతున ఉందో చెప్పే పరికరం. అందులో కీలకమైన భాగాన్ని అది ఏమిటో చెప్పకుండా, ఏం చేస్తుందో మాత్రమే చెప్పారు. కోర్టు కొట్టేసింది. ఆవిష్కర్తలు గగ్గోలు పెట్టారు. 1952లో చట్టమే మార్చారు. ‘ఫలానా పని చేసే సాధనం’ అని రాసుకోవచ్చు, కానీ దాని అర్థం నీ వివరణ పత్రంలో చూపించిన నిర్మాణం, దానికి సమానమైనవి, అంతే. లోకంలో ఆ పని చేసేవన్నీ నీవి కావు. ‘సాధనం’ అనే మాట తప్పించి ‘మాడ్యూల్’ అనో ఇంకో డొల్ల మాటో పెట్టి తప్పించుకునేవాళ్లకు 2015లో ఇంకో తీర్పు ఆ దారి కూడా మూసింది.

మన 1970 పేటెంట్ చట్టంలో ఇట్లాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. ఉన్నది సెక్షన్ 10(5): క్లెయిమ్ స్పష్టంగా, క్లుప్తంగా, వివరణలో చెప్పినదాని మీద న్యాయంగా ఆధారపడి ఉండాలి. మాట చిన్నది, పట్టు మాత్రం గట్టిది. ‘సాధనం’ అని రాస్తే, ఆ సాధనం ఏ బొమ్మలో ఉంది, ఏ పేరాలో ఉంది అని అడుగుతారు. ‘తగిన వంపు’ అని రాస్తే, ఎన్ని డిగ్రీలు అంటారు.

అందుకని పనినీ, ఇనుమునూ ఒకే వాక్యంలో కట్టాం. ఒక అంచున కీలుతో డ్రమ్ము గోడకు బిగించి, రెండో అంచున వేరువేరు స్థానాల్లో నిలపగలిగిన పట్టీ, తద్వారా సరుకు ఎండిన తీరును బట్టి వంపు మార్చుకునే వీలు. గాడి, రంధ్రాల వరుస, పిన్ను, స్ప్రింగు అన్నీ వివరణ పత్రంలోకి ఎక్కించాం. కాక ఆ రోజు తనకు తెలియకుండానే ఇంకో మూడు రకాలు కనిపెట్టాడు. పక్క షెడ్డువాడు ఎట్లా మార్చగలడో ఆలోచించమంటే ఆయన బుర్ర భలే పనిచేసింది.

డిగ్రీల దగ్గర మాత్రం బండి ఆగింది. ఆయనకు డిగ్రీలు తెలియవు. కొడుకు జామెట్రీ బాక్సులోంచి కోణమాపిని తెచ్చి, ఆ సీజనంతా ఒక్కో వంపు దగ్గర పసుపు తిప్పి, విరిగిన ముక్కలు విడిగా తూచి నోటుబుక్కులో రాశాడు. అప్పుడు ఒక సంగతి బయటపడింది. వంపు ఎప్పుడు మార్చాలో ఆయన కళ్లతో చూసుకోవడం లేదు. మోటారు నడుస్తుండగా చెవి పెట్టి వింటున్నాడు.

“గిది గూడ రాయాల్నా?” అన్నాడు.

రాయాలి. సెక్షన్ 10(4) ప్రకారం నీకు తెలిసిన అన్నిటికన్నా మంచి పద్ధతిని దాచిపెట్టకుండా చెప్పాలి. దానికి బదులుగానే ఇరవై ఏళ్ల హక్కు. మామూలుగా పద్దెనిమిది నెలలకు దరఖాస్తు అందరికీ కనబడుతుంది. పేటెంట్ వచ్చినా రాకున్నా కనబడుతుంది. ఇదంతా చెప్పాను. పట్టీలు, గాడి, బోల్టు ఇచ్చేయడానికి ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఈ చెవి సంగతి దగ్గర మాత్రం బీడీ ముట్టించుకుని షెడ్డు బయటికి పోయాడు. నేను లాప్‌టాప్ మూయలేదు, ఏమీ అడగలేదు.

లోపలికి వచ్చి మోటారు ఆన్ చేశాడు. డ్రమ్ము తిరగడం మొదలైంది.

“గలగల అంటే మంచిగ ఎండింది, పట్టీ పండబెట్టాలె. దబదబ అంటే లోపట తడి ఉన్నది, జర లేపాలె. రాస్కో” అన్నాడు.