చవక కెమెరాకి నేను వేసిన మార్కులు

మా అమ్మాయికి ఈ మధ్య డిజిక్యామ్ కావాలట. ఫోనులో అంత మంచి కెమెరా పెట్టుకుని పాతకాలం డబ్బా ఎందుకే అంటే "ఆ లుక్కే వేరు నాన్నా" అంది. 2020 తర్వాత మొదలైన మోజు ఇది. ఒకప్పుడు అటకెక్కించిన కెమెరాల్నే ఇప్పుడు కుర్రకారు వెతికి మరీ కొంటున్నారు. కొనడమెందుకు, మనింట్లోనే ఉందిగా అని నా పాత కానన్ పవర్‌షాట్ ఏ570 ఐఎస్‌ని కిందకి దించాను.

ఇది 2007 నాటి మోడల్. అప్పుడు నా బడ్జెట్ 200 డాలర్లు. ఆన్‌సైట్ నుంచి వచ్చే కొలీగ్ చేత తెప్పించుకోవాలి కాబట్టి, నచ్చకపోతే వెనక్కిచ్చే దారి లేదు. ఇంక మన సాఫ్ట్‌వేర్ బుర్ర ఊరుకుంటుందా.. ఎక్సెల్ షీట్ తెరిచాను. పేరు పేరునా కెమెరాలు, వాటి ఫీచర్లు, ఒక్కోదానికీ వెయిటేజీ. ఆఫీసు పని కూడా ఏనాడూ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

ఆ షీట్లో తేలిన సంగతులు ఇప్పటికీ పనికొస్తాయి.

మెగాపిక్సెళ్ళు: దీంట్లో 7.1, అంటే 3072×2304. మామూలు 4×6 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800×1200 చాలు. రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు, అంతే. మిగతాదంతా డబ్బా మీద రాసుకోడానికి.

జూమ్: ఆప్టికల్ నాలుగు రెట్లు. డిజిటల్ జూమ్‌ని లెక్కలోకే తీసుకోకండి. ఫోటోని కత్తిరించి సాగదీయడం కంప్యూటర్లో మనమూ చేసుకోగలం.

బ్యాటరీ: రెండు పెన్సిల్ సెల్స్. ఏ ఊళ్ళో కిరాణా కొట్టుకెళ్ళినా దొరుకుతాయి. కాకపోతే చవక సెల్స్ ఇలాంటి కెమెరాల్లో కాసేపటికే చేతులెత్తేస్తాయి. రీఛార్జబుల్ సెల్స్ కొనుక్కోవాల్సిందే.

లో లైట్: ఈ తరగతి కెమెరాలన్నిటికీ ఇక్కడే దెబ్బ. సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు. దాని మీద పడే వెలుతురే తక్కువ. ఐఎస్ఓ పెంచేకొద్దీ ఫోటో నిండా రంగు చుక్కలు.

కెమెరా వచ్చాక వారం రోజులు టెస్టింగే టెస్టింగు. అంచులు షార్ప్‌గా వస్తున్నాయా అని పుస్తకాల బీరువాని ఒక యాభైసార్లు తీసుంటాను. అప్పుడు నాన్న ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ఆయనది ఆగ్ఫా క్లిక్ త్రీ కాలం, రీలుకి పన్నెండే ఫోటోలు. కాసేపు చూసి "ఆ బీరువాని ఎన్నిసార్లు తీస్తావురా, నన్నొకటి తియ్యకూడదూ" అన్నారు.

"ఇప్పుడు లైటు బాలేదు నాన్నా, రేపు పొద్దున ఎండలో తీస్తాను" అన్నాను.

ఆ రాత్రి ఆయన ట్యూబ్‌లైటు కింద పేపరు చదువుకుంటుంటే, ఐఎస్ఓ 800 ఎలా వస్తుందో చూద్దామని ఒకటి నొక్కాను. తలెత్తి నవ్వారు. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే చొక్కా నిండా చుక్కలు. షీట్లో "లో లైట్ 2/5" అని రాసుకున్నాను. పొద్దున్నే నాకు రిలీజ్ పని పడింది, ఆయన బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా కెమెరా ఆయన చేతికే ఇచ్చేవాణ్ణి. ఫోటోల్లో మేమందరం ఉంటాం, ఆయన తప్ప.

2009లో నాన్న పోయారు. ఫోటో కోసం వెతికితే, పెళ్ళిళ్ళ గుంపుల్లో బిగుసుకుపోయి నిలబడ్డవే ఉన్నాయి. ఆయన ఆయనలా ఉన్నది ఒక్కటే.. నేను రెండు మార్కులు వేసింది. 4×6 ప్రింటు వేయిస్తే చుక్కలు దాదాపు కనపడనేలేదు. ఏడు మెగాపిక్సెళ్ళని రెండుకి కుదించినప్పుడు పక్కపక్క పిక్సెళ్ళ తేడాలు సగటులో కలిసిపోతాయి మరి. ఆ లెక్క నా షీట్లో మొదటి వరసలోనే ఉంది. నేనే ఎవరూ చూడని సైజులో చూసి మార్కులు కోశాను. ఆ ప్రింటు ఇప్పుడు అమ్మ మంచం పక్కన ఉంది.

అందుకని పాత కెమెరా కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది.. ఏ కార్డు పడుతుందో చూడండి, పాతవాటికి చాలావరకు 32 జీబీ దాటితే కష్టం. దానికి సరిపోయే బ్యాటరీ ఇంకా దొరుకుతోందో లేదో, లెన్సులో బూజుందేమో, సెల్స్ తలుపు గట్టిగా మూసుకుంటోందో లేదో చూసుకోండి. మిగతా షీటు జోలికి పోకండి.

కెమెరా మా అమ్మాయికిచ్చేశాను. షరతు ఒక్కటే, మొదటి ఫోటో నానమ్మది. లైటు ఎలా ఉన్నా సరే. తీసింది, చుక్కలున్నాయి, బావుంది. తేదీ గుర్తుపెట్టుకునే గుండీ సెల్ ఎప్పుడో అయిపోయినట్టుంది, ఫైలు మీద మా అమ్మాయి పుట్టకముందు తేదీ పడింది. రేపు ఆ సెల్ ఒకటి మార్చాలి.. రేపు కాదులెండి, ఇవాళే.